వర్ణం అయ్యేదాకా ఖాళీ కుర్చీ

టీచర్‌గారు పోయారన్న కబురు నాకు పామర్రు సెంటర్లో ఆగి ఉన్న బస్సులో తెలిసింది. గురువారం, పొద్దున తొమ్మిదైనా కాలేదు. అప్పటికే కిటికీ చువ్వ చెయ్యి కాలుస్తోంది. ఫోన్ చేసింది మా మృదంగం బాబాయిగారు. "అమ్మాయ్, టీచర్‌గారు లేరమ్మా. తెల్లవారుజామున నిద్రలోనే," అన్నారు. "ఆదివారం చల్లపల్లి కదా," అని కూడా అన్నారు. ఏం చెయ్యాలో తోచనప్పుడు ఆయన తర్వాతి కచేరీ గురించి మాట్లాడతారు.

ఆ ఫోన్ వచ్చేసరికి నేను టీచర్‌గారికే మెసేజ్ రాస్తున్నాను. 'ఈ ఆదివారం నుంచి నేను రాలేనండీ' అన్నంతవరకూ వచ్చాను. తర్వాత దాన్ని పంపడానికి మనిషి లేరు, చెరపడానికి నాకు చెయ్యి రాలేదు.

మా వాద్యబృందం మే నెలంతా ఆదివారం సాయంత్రాలు ఆరుబయట శాస్త్రీయ సంగీతం వాయిస్తుంది. ఒక వారం బందరు, ఒక వారం గుడివాడ, తర్వాత చల్లపల్లి, అవనిగడ్డ. ఎనిమిది ఫిడేళ్లు, రెండు వీణలు, ఒక వేణువు, మృదంగం, ఘటం. మీరెప్పుడైనా వచ్చి ఉంటే టీచర్‌గారిని చూసే ఉంటారు. స్టేజీ మీద కాదు, మీ వెనకాల. సోడా బండి పక్కన, ముడిచిన మెరూన్ గొడుగు పట్టుకుని నిలబడే పొట్టి మనిషి. గొడుగు పిడికి తెగిపోయిన ఫిడేలు తీగ చుట్టి ఉండేది.

కచేరీలో మొదట వర్ణం వాయిస్తాం. అది అయ్యేదాకా ఫిడేళ్ల వరసలో చివరి కుర్చీ ఖాళీ. అది ఆవిడది. ఆవిడ జనం వెనక నిలబడి, అక్కడిదాకా ఏం వస్తోందో వినేవారు. గొడుగు పైకెత్తితే ఫిడేళ్లు అందడం లేదని. అడ్డంగా పట్టుకుంటే మృదంగం ఎక్కువైందని. చంకలో పెట్టుకుంటే సరిపోయిందని. వర్ణం అయ్యాక జనం మధ్యలోంచి నడిచొచ్చి, చెప్పులు విడిచి, కూర్చునేవారు. అప్పుడు గానీ మేం రెండోది ఎత్తుకునేవాళ్లం కాదు.

"మన కచేరీ అంటే టీచర్‌గారికి భయమండీ. పారిపోడానికి వీలుగా గేటు దగ్గర నిలబడతారు," అని బాబాయిగారు ఏడిపించేవారు.

"నీ మృదంగం గేటు దాటి బస్టాండు దాకా వస్తోంది తమ్ముడూ. ఎక్కడికని పారిపోను?" అనేవారు ఆవిడ, చెమట తుడుచుకుంటూ.

బందర్లో ఒక మిషన్ స్కూల్లో సంగీతం చెప్పి రిటైరయ్యారు. ఫిడేలు మొదట వాళ్ల నాన్నగారి దగ్గర, చర్చిలో పాటల కోసం నేర్చుకున్నారు. తర్వాత పక్క వీధిలో ఒక పెద్దాయన అరుగు మీద వర్ణాలూ కీర్తనలూ నేర్చుకున్నారు. ఆదివారం పొద్దున చర్చిలో, సాయంత్రం మాతో, రెండు చోట్లా ఒకటే ఫిడేలు. చర్చి శ్రుతి వేరు, మాది వేరు. మధ్యాహ్నం బస్సులో, కండక్టర్ అరుపుల మధ్య, ఫిడేలు చెవికి ఆనించుకుని శ్రుతి మార్చుకునేవారు. పక్క సీటువాళ్లు వింతగా చూసేవాళ్లు. "ఏం లేదండీ, పొద్దుటి చీర మారుస్తున్నా దీనికి," అనేవారు.

ఆవిడ పెట్టిన పద్ధతి ఇంకొకటి ఉంది. ఏ ఊరు వెళ్లినా కచేరీకి గంట ముందు వాద్యాలన్నీ పెట్టెల్లోంచి తీసి, నీడన చాప మీద వరసగా పడుకోబెట్టాలి. పైన పల్చటి దుప్పటి. దాన్ని గాలి పట్టించడం అనేవాళ్లం. ఆ గంటా ఎవరూ శ్రుతి చేసే బిరడా ముట్టుకోకూడదు. "ఊరు మారితే చెక్కక్కూడా సర్దుకోడానికి టైం కావాలమ్మా," అనేవారు. ఇంజనీరింగ్ చదివిన నాకు ఇది చాదస్తంలా కనపడేది.

అందుకే ఓ ఏడాది గుడివాడలో నా ఫిడేలు చాప మీద పెట్టలేదు. ఎండకి తట్టుకోలేక తెలిసినవాళ్లింట్లో ఏసీ గదిలో కూర్చుని, అక్కడే శ్రుతి చేసుకుని, తిన్నగా స్టేజీ ఎక్కాను. వర్ణం సగంలో నా తీగలు జారిపోయాయి. నేనొక్కదాన్నే వేరే ఊళ్లో వాయిస్తున్నట్టుంది. వెనక గొడుగు లేవలేదు. ఆవిడే గబగబా నడిచొచ్చి, చెయ్యెత్తి అందర్నీ ఆపి, జనం వైపు తిరిగారు.

"ఒక్క నిమిషం ఆగండమ్మా. మా అమ్మాయి ఫిడేలుకి గుడివాడ ఇంకా అలవాటవలేదు."

అందరూ నవ్వారు. ఆవిడ నా ఫిడేలు తీసుకుని, తలొంచుకుని శ్రుతి చేసి ఇచ్చారు. తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. మరుసటి వారం మాత్రం చల్లపల్లిలో చాప మీద మొట్టమొదటి చోటు నా ఫిడేలుకి వదిలిపెట్టి ఉంచారు.

ఈ ఏడు నేను బాగా అలిసిపోయాను. వారమంతా విజయవాడ ఉద్యోగం, బస్సులు. ఆదివారం మళ్లీ బస్సు, చాపలు, వైర్లు మొయ్యడం, చెమటకి జారే కమాను. ఎదురుగా సగం కుర్చీలు ఖాళీ. ఉన్నవాళ్లలో సగం ఫోన్లలో ఉంటారు. ఇదంతా ఎవరి కోసమో నాకు అర్థం కాలేదు. బందరు కచేరీ అయ్యాక చాప చుడుతూ ఆవిడతో చెప్పేశాను.

"టీచర్‌గారూ, నాకు విసుగొచ్చేసిందండీ."

"నాకూ వచ్చిందమ్మా. చాలా ఏళ్లైంది వచ్చి."

"మరెందుకండీ వాయించడం? కనీసం ఏదైనా హాల్లో పెట్టుకోవచ్చుగా. ఫ్యాన్లైనా ఉంటాయి."

"హాల్లో మొహమాటానికి కూర్చుంటారు. బయటైతే ఇష్టమైతేనే నిలబడతారు." చాప రెండో కొస అందుకున్నారు. "మానేస్తే మానెయ్యి, నేనేం అనుకోను. ఒక్క వర్ణం నా చోట నిలబడి విని, అప్పుడు మానెయ్యి."

నేను నవ్వేసి ఊరుకున్నాను. తర్వాతి వారం గుడివాడలో కూడా నా కుర్చీలోంచి లేవలేదు. చివరిసారి ఆవిడ నడిచొచ్చి కూర్చోవడం అక్కడే చూశాను. అదే చివరిదని తెలిస్తే ఇంకాస్త సరిగ్గా చూసేదాన్నేమో.

శుక్రవారం సమాధుల తోటలో ఎండ నెత్తి మాడ్చేస్తోంది. పాస్టరుగారు క్లుప్తంగానే ప్రార్థన ముగించారు. బాబాయిగారు చెప్పులు విడిచి నిలబడి, ఇసక కాలుతుంటే కాళ్లు మార్చుకుంటున్నారు, చెప్పులు మాత్రం వేసుకోలేదు. వచ్చేస్తుంటే టీచర్‌గారి చెల్లెలు నన్ను ఆపి చేతిలో గొడుగు పెట్టారు.

"ఇది మీ కచేరీలదంట కదమ్మా. వానొచ్చినా ఎండొచ్చినా విప్పనిచ్చేది కాదు మా అక్క. మాకెందుకు?"

ఆదివారం చల్లపల్లి వెళ్లింది గొడుగు అప్పజెప్పి వచ్చేద్దామనే. ఫిడేలు మాత్రం ఎందుకో తీసుకెళ్లాను, చాప మీద పెట్టాను. గంట గడిచింది. అందరూ కూర్చున్నారు. చివరి కుర్చీ ఖాళీ, అది మామూలే. వెనక ఎవరు నిలబడాలన్నదే ఎవరూ పైకి అడగలేదు. బాబాయిగారు మృదంగం సర్దుకుంటూ, నా వైపు చూడకుండా అన్నారు: "గొడుగు నీ దగ్గరుంది కదమ్మా."

వెళ్లి సోడా బండి పక్కన నిలబడ్డాను. వర్ణం మొదలైంది. అక్కడిదాకా ముందు వచ్చింది మృదంగం. తర్వాత వేణువు. ఫిడేళ్లు గాలి వాటాన్ని బట్టి వచ్చి పోతున్నాయి. బస్సు హారన్, సోడా కొట్టిన చప్పుడు, వాటి మధ్య సన్నగా మోహన రాగం. కూరల బుట్టతో వెళ్తున్న ఒకామె రోడ్డు మీదే ఆగింది. బుట్ట దించలేదు, మెడ మాత్రం ఇటు తిప్పింది. స్టేజీ మీంచి ఈమె ఎప్పటికీ కనపడదు.

గొడుగు పైకెత్తాను. మా ఫిడేళ్లలో అందరికన్నా చిన్నదైన పన్నెండేళ్ల పిల్ల నుంచి బాబాయిగారి దాకా అందరూ దాని వైపు చూశారు. ఫిడేళ్లు కొంచెం పెరిగాయి. అయినా ఏదో తక్కువ. మధ్యలో ఒకచోట పన్ను ఊడినట్టు సందు వినపడుతోంది. అది నా కుర్చీ అని తెలియడానికి కాస్త టైం పట్టింది. ఇన్నేళ్లూ ఆవిడ ఇక్కడ నిలబడి నన్ను విడిగా విన్నారన్నమాట.

వర్ణం అయిపోయింది. అంతవరకూ ఖాళీ కుర్చీ ఎప్పటిలాగే ఉంది. అప్పుడు మొదలైంది దాని ఖాళీ. ఎవరూ రెండోది ఎత్తుకోలేదు. కమానులు ఒళ్లో పెట్టుకుని వెనక్కి చూస్తున్నారు, అలవాటు కొద్దీ. నా బ్యాగు భుజాన ఉంది. బస్టాండు ఇటు, స్టేజీ అటు, రెండూ ఇంచుమించు ఒకే దూరం.

గొడుగు చంకలో పెట్టుకుని జనం మధ్యలోంచి నడిచాను. ఆవిడ నడుస్తుంటే చూసినప్పుడు అది అంత పొడవు దారి అనుకోలేదు. చెప్పులు విడిచి, చాప మీంచి నా ఫిడేలు తీసుకుని, నా కుర్చీలో కూర్చుని, ఒకసారి వెనక్కి చూశాను. సోడా బండి పక్కన, ఇంతకుముందు నేను నిలబడ్డ చోట, కూరల బుట్ట కిందికి దించి ఇందాకటామె నిలబడి ఉంది.