ఇస్త్రీ చేసిన కాగితం

కరోనా తగ్గిన మరుసటి ఏడాది. చూపులేనివారి ఇళ్ళకు వెళ్ళి బ్రెయిలీ నేర్పే ఉద్యోగం మీద రాజాంలో ఉండేదాన్ని. బ్రెయిలీ అంటే మందపాటి కాగితం మీద లేచి ఉండే చుక్కలు. అక్షరానికి ఆరు చుక్కల చోటు ఉంటుంది, ఏవి లేచాయో వేలితో తడిమి చదువుతారు.

నా దగ్గర నేర్చుకున్నవాళ్ళలో నర్సమ్మకు నాలుక పదును, వేలు అంతకంటే పదును. టైలర్ సూర్నారాయణ భార్య. జబ్బుచేసి చూపు పోకముందు షాపులోనే కూర్చుని గుండీలు కుట్టేది. నేనిచ్చిన వాచకం చకచకా ముగించి నా ఒళ్ళో పడేసింది.

"ఆవు పాలిస్తాదని ఎన్నిసార్లు సదవమంతారు మేడం? మా ఇంట్లో పాలోడిస్తాడు. ఇంక మీరు రాకండి."

తెలుగులో ఇవ్వడానికి నా దగ్గర మరో పుస్తకం లేదు. నాకే నీరసం వచ్చింది. సూర్నారాయణకు మాత్రం రాలేదు.

"షాపు కబుర్లు నేను రాస్తాను. సదువుకుంతాది" అన్నాడు. ఇంటికొచ్చాక ఏ కబురడిగినా "ఏటీ నేదు" అని కంచం ముందు కూర్చునే మనిషి ఇతనే!

చుక్కల అక్షరాలు నా దగ్గరే నేర్చుకున్నాడు. పాత కుట్టుమిషన్‌కు సూది పీకి, మొన అరగదీసిన మేకు బిగించాడు. దాని కింద హవాయి చెప్పు ముక్క. పాత క్యాలెండరు కాగితం పెట్టి చక్రం చేత్తో తిప్పితే ఒక చుక్క. మొదట్లో కాగితాలన్నీ జల్లెడలయ్యాయి. చుక్క అవతలి పక్కకు లేస్తుంది కాబట్టి అక్షరాలను కుడి నుంచి ఎడమకు, తిరగేసి కొట్టాలి. అది చెప్పడానికి నేను తంటాలు పడుతుంటే నవ్వాడు.

"జాకెట్టు తిరగేసి కుట్టేవోడికి ఇదేటి కష్టమమ్మా?"

ఈలోగా షాపులో కుట్టని బట్టలు గుట్టపడ్డాయి. నర్సమ్మ తేల్చిచెప్పింది. "ఒక్క కాగితం సదువుతాను. కుదరనేదంతే ఆ మిషను పాత ఇనప సామానోడికి ఇచ్చీ. నా సదువూ అక్కడితో సరి."

ఆ ఒక్క కాగితం తయారైన రోజు షాపులో నేనే తడిమి చూశాను. అక్షరం తప్పు లేదు. "మీరు నడవండి మేడం, ఎనకే వస్తాను" అన్నాడు. ఇంటికి వచ్చి, కాగితాన్ని రెండు చేతులా భార్యకు అందించాడు. ఆమె తడిమింది. తిప్పి మళ్ళీ తడిమింది.

"ఏటిది? నున్నగా ఉన్నాది. ఎచ్చగా కూడా ఉన్నాది!"

నేను అతని వైపు చూశాను. అతను తన చేతుల వైపు చూసుకున్నాడు. షాపు గడప దాటే ప్రతిదాన్నీ ఇస్త్రీ చేసి ఇచ్చే చేతులవి.

"అలవాటు కదమ్మా" అన్నాడు ఏడుపు గొంతుతో. "ఇస్త్రీపెట్టె రాసీసినాను."

నర్సమ్మ పగలబడి నవ్వింది. ఆమె అలా నవ్వడం నేను చూడటం అదే మొదలు. "మల్లీ కొట్టుకురా. ఇస్త్రీపెట్టె కాడికి ఎల్లకు!"

సాయంత్రానికి రెండో కాగితం వచ్చింది. ఆమె వేలు కదిలించుకుంటూ పైకి చదివింది. "పెసిడెంటుగారి ఆవిడ జాకెట్టు బిగువైందని తిట్టింది. కొలత తప్పు కాదు. పెళ్ళిలో తిన్న బూరెల తప్పు." నవ్వుతూనే చివరి వరుసకొచ్చి ఆగింది. మళ్ళీ తడిమి, నెమ్మదిగా చదివింది. "నువ్వు నేక షాపు బోసిగా ఉన్నాది."

నాకు కళ్ళు చెమర్చాయి.

"నోటితో సెప్తే ఏటి పోయింది?" అంది నర్సమ్మ.

"నోటితో సెప్తే మద్దిలో అడ్డొస్తావు కదే!"

అక్షరాలు నేర్పితే నా పని అయిపోయిందనుకునేదాన్ని. ఆ అక్షరాలతో మనకోసం ఎవరో ఒకరు ఏదో ఒకటి రాయాలని ఆ ఇంట్లోనే తెలిసింది. వాచకం సంచిలో పెట్టుకుని లేచాను.

"మేడం, వచ్చీవారం తప్పకుండా రండి" అంది నర్సమ్మ. "సదవడం వచ్చీసింది. ఇంక రాయడం నేర్పండి. ఈయనకి నేను సెప్పాల్సినవి సానా ఉన్నాయి."