స్లైడులో దాచిన సైరన్

మా బొగ్గుగనుల ఊరు గోదావరిఖనిలో పడుకున్న మనిషిని లేపడం పాపం. నైట్ షిఫ్టు చేసి వచ్చి పడుకున్న మనిషిని లేపడం మహాపాపం. ఒకే పూట మా కాలనీలో సగం ఇళ్లలో ఆ మహాపాపం చేసినవాణ్ణి నేను. డప్పు కొట్టలేదు, ఎవరి తలుపూ తట్టలేదు. కెమిస్ట్రీ పాఠంతో లేపాను. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. మా వైపు వచ్చినప్పుడు మాత్రం గట్టిగా నవ్వకండి. ఏ పూటైనా ఎవరో ఒకరు పడుకునే ఉంటారు.

ముందు నా గొప్పతనం కొంత వినాలి. ఫ్యాన్లు, మోటార్లు బాగుచేసే కొట్టు నాది. ఇంటర్ మధ్యలోనే ఆగిపోయాను. మిగతా చదువంతా కొట్టు ఎదురుగా ఉన్న శాఖా గ్రంథాలయంలో పూర్తి చేశానని నా నమ్మకం. తేనెటీగల పెంపకం నుంచి రోమ్ సామ్రాజ్యం దాకా చేతికి దొరికిందల్లా చదివాను. తేనెటీగను దగ్గరగా చూసింది అది నన్ను కుట్టినప్పుడే, అది వేరే సంగతి. ఫ్యాను బాగుచేయించుకున్న వాళ్లకు ఒక ఉపన్యాసం ఉచితంగా ఇచ్చేవాణ్ణి. "ఓదెలూ, ఇంకో పది రూపాయలు ఎక్కువ తీస్కో, ఉపన్యాసం మాత్రం వద్దు" అని బేరమాడినవాళ్లూ ఉన్నారు.

బడులు, కాలేజీలు మూతపడి పాఠాలన్నీ ఫోన్లలోకి దూరిన రోజులవి. మా పక్కింటి సుల్తానక్క ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేది. ఒకరోజు ముఖం చిన్నబుచ్చుకుని కొట్టుకొచ్చింది.

"ఏందక్కా, ఫ్యాను మళ్ల ఆగిందా?"

"ఫ్యాను మంచిగనే తిరుగుతుంది తమ్మీ. నా నౌకరీయే ఆగేటట్టుంది."

"ఏమైంది?"

"పాఠం షురూ అయినప్పుడు అందరుంటరు. సగం అయినంక చూస్తే పేర్లుంటయి, పిల్లలుండరు. మొన్న ఒక్కొక్కల పేరు పెట్టి పిలిచిన. ఒక్కరన్న పలుకలే. ఒక ఇంట్ల మేక పలికింది."

"మేకకు హాజరు వేసినవా?"

"నవ్వకు. ప్రిన్సిపాల్ సారు సోమవారం నా పాఠంల తనే వచ్చి కూసుంటడట. పిల్లలు ఆఖరుదాక నిలవకపోతే వచ్చే నెల నుంచి ఇంకో మేడంను చూసుకుంటమని చెప్పిండు."

గని నుంచి ఎప్పుడో రిటైరైన తండ్రి, మందులు మింగే తల్లి, ఆమె జీతం మీద నడిచే ఇల్లు. ఫికర్ ఎంత పెద్దదో నాకు తెలుసు. అక్కడితో ఊరుకుని ఓదార్చి పంపితే ఈ కథే లేదు. నేను "నీ స్లైడులు చూపియ్యి" అన్నాను.

చూపింది. పాఠ్యపుస్తకంలోని పేజీలు ఉన్నవి ఉన్నట్టు ఫొటోలు తీసి అతికించింది. చీమలు బారులు కట్టినట్టు అక్షరాలు.

"అక్కా, ఇది స్లైడు కాదు, రేషన్ బియ్యం బస్తా. పిల్లలు పారిపోక ఏం చేస్తరు? నాకు వదిలెయ్యి."

"నీకొస్తదా?"

"పుస్తకం చదివిన."

ఈ మాట నా నోట వచ్చినప్పుడల్లా మా అమ్మ ఇంట్లో పగిలే వస్తువులు లోపల పెట్టేది. పాపం సుల్తానక్కకు ఆ సంగతి తెలియదు. లాప్‌టాప్ నా చేతిలో పెట్టి వెళ్లింది. పిచ్చోడి చేతిలో రాయి అంటారు. రాయి ఒక్క తలనే పగలగొడుతుంది. పుస్తకాలోడి చేతిలో లాప్‌టాప్‌కు అలాంటి హద్దు లేదు.

గ్రంథాలయంలో నా మూల కుర్చీలో కూర్చుని పని మొదలుపెట్టాను. పాఠం పేరు 'దహనం', అంటే మండటం. బొగ్గు గురించే కాబట్టి నేపథ్యం బొగ్గులా నల్లగా పెట్టాను. దాని మీద అక్షరాలు ముదురు నీలంలో, గంభీరంగా ఉంటాయని. కార్బన్ పరమాణువులు గిరగిరా తిరుగుతూ వస్తాయి, ఆక్సిజన్ అణువులు బతుకమ్మ ఆడినట్టు వాటి చుట్టూ చేరతాయి. మేడం మీట నొక్కే శ్రమ లేకుండా స్లైడులు వాటంతట అవే మారేటట్టు చేశాను.

ఇక అసలు విద్య. ఉపన్యాస కళ మీద నేను చదివిన పుస్తకంలో ఒక మాట ఉంది. వినేవాళ్ల మనసు మాటిమాటికీ జారిపోతుంది, దాన్ని ఒక కుదుపుతో వెనక్కి లాగాలని. ఏ కుదుపుతో? గంటా? మా ఊళ్లో గంటకు ఎవరు కదులుతారు? మా ఊరు కదిలేది ఒక్కదానికే. షిఫ్టు సైరన్. అది కూస్తే కంచంలో చెయ్యి పెట్టినవాడు కూడా లేచి చెప్పులు వెతుక్కుంటాడు. సాయంత్రం డాబా ఎక్కి ఆ కూతను ఫోన్లో పట్టుకున్నాను. ప్రతి స్లైడు మారేటప్పుడూ అది మోగేటట్టు అమర్చాను. వినబడదేమోనని చప్పుడు చివరిదాకా పెంచాను.

పెంచాను సరే, విని చూశావా అని మీరు అడగాలి. వినలేదు. గ్రంథాలయం గోడ మీద 'నిశ్శబ్దం పాటించండి' అని రాసి ఉంటుంది. ఆ మాట నేను జీవితంలో ఎన్నడూ జవదాటలేదు. అందుకని లాప్‌టాప్ నోరు మూసి, బొమ్మలు మాత్రమే చూసుకుని తృప్తిపడ్డాను. సోమవారం పొద్దున దాని నోరు తెరిచి సుల్తానక్క చేతిలో పెట్టాను. సైరన్ సంగతి చెప్పలేదు. కుదుపు ముందే చెబితే కుదుపెట్లా అవుతుంది?

పాఠం మొదలైంది. నేను సుల్తానక్క ఇంట్లో, కెమెరాకు అందకుండా గోడవారగా చేతులు కట్టుకుని నిలబడ్డాను. పిల్లలంతా వచ్చారు, ప్రిన్సిపాల్ గారూ వచ్చారు. మొదటి స్లైడు పడింది.

"మేడం, మీ స్క్రీన్ బందయింది" అంది స్రవంతి. మా సందులోనే ఉండే కొమురయ్య కాక కూతురు.

"బంద్ కాలేదమ్మా, అది..." సుల్తానక్క కళ్లు చిట్లించి చూసింది. "తమ్మీ, ఏంది గిది?"

"బొగ్గక్కా" అన్నాను గొణుగుతూ.

స్లైడు మారింది. సైరన్ కూసింది.

గని దగ్గర మోగే సైరన్ మూడు మైళ్ల దూరం నుంచి వింటేనే గుండెలో మోగుతుంది. అది ఒక చిన్న గదిలో, అదే క్షణంలో ఊరినిండా పిల్లల ఫోన్లలో మోగితే ఎలా ఉంటుందో నేను వర్ణించలేను. పక్క గదిలోంచి సుల్తానక్క తండ్రి యాకూబ్ కాక గబగబా వచ్చాడు.

"నా అన్నం డబ్బా ఏది బిడ్డా? జల్ది కట్టు."

"అబ్బా, మీరు రిటైరై ఎన్నేండ్లాయె. పోయి పండుకోన్రి."

"మరి సైరన్ కూసె కదనే."

మళ్లీ స్లైడు మారింది. మళ్లీ కూసింది. యాకూబ్ కాక ఈసారి చర్చ పెట్టుకోలేదు, చెప్పులేసుకుని వాకిట్లోకి నడిచాడు.

తెర మీద ఒక్కొక్క కెమెరా తెరుచుకుంది. ఒక ఇంట్లో లుంగీ మీద బూట్లు తొడుక్కుంటున్న తండ్రి. ఇంకో ఇంట్లో చొక్కాలో ఒక చెయ్యి దూర్చి గోడకు ఢీకొన్న తండ్రి. తెర కట్టిన చీకటి గదుల్లో నైట్ షిఫ్టు నిద్ర, పగలో రాత్రో తెలిసి చావదు. స్రవంతి ఫోన్లో కొమురయ్య కాక ముఖం తెర నిండా కనబడింది.

"లేటయితే మస్టరుల హాజరు పడదే, నా బెల్టేది?"

"నాయినా, సైరన్ కాదే. పాఠం."

"పాఠం కూస్తదా?"

"తమ్మీ, ఆపు దీన్ని" అంది సుల్తానక్క నెమ్మదిగా. ఆమె నెమ్మదిగా అన్నదంటే భయపడాలి.

ఎలక్ట్రికల్ పనివాణ్ణి కదా, నాకు తెలిసిన ఒకే ఒక్క ఆపడం ఆపాను. పరుగెత్తి ఇంటి మెయిన్ స్విచ్ కట్టేశాను. ఫ్యాను ఆగింది, లైటు పోయింది. బ్యాటరీ ఉన్న లాప్‌టాప్ మాత్రం చీకట్లో మరింత ఉత్సాహంగా కూసింది. చివరికి సుల్తానక్క దాన్ని పుస్తకంలా మూసేసింది. నేను చదవని పుస్తకం అదొక్కటే.

కూత ఆగింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. జీతం లేని వచ్చే నెల ఆమె ముందు నిలబడి ఉంది. నేను నోరు తెరిచాను.

"నువ్వు మాట్లాడకు" అంది.

కిటికీ తెరిచి, తన ఫోన్లో మళ్లీ పాఠంలోకి వెళ్లి, దాన్ని పప్పు డబ్బాకు ఆనించింది. పొయ్యి దగ్గరి నుంచి ఒక బొగ్గుముక్క తెచ్చి, సున్నం వేసిన తెల్లగోడ మీద పెద్ద అక్షరాలతో 'బొగ్గు + గాలి' అని రాసింది. "గాలి సాలినంత దొరికితే ఏమైతది? సాలకపోతే ఏమైతది?" అని అడిగింది. ఒక్కసారి ఒక్క మాటే రాసింది, అది అర్థమయ్యాకే పక్కన ఇంకోటి. చిన్న ఫోన్లో కూడా కనబడింది. కానీ, అబద్ధమెందుకు, ఆ రోజు పిల్లలు కదలకపోవడానికి కారణం గోడ కాదు. నిద్ర చెడిన తండ్రులు ఇక నిద్ర పట్టక, పిల్లల పక్కనే చేతులు కట్టుకుని కూర్చున్నారు.

"నాయినా, నీళ్లు తాగొస్త" అంది స్రవంతి ఒకసారి.

"కూసో. నా నిద్ర తిన్న పాఠమిది. ఏంజెప్తదో పూర్తిగ ఇనాలె."

ఆఖరుదాకా ఒక్కరూ లేవలేదు. మేక కూడా మాట్లాడలేదు.

సాయంత్రం ప్రిన్సిపాల్ గారు ఫోన్ చేశారు. సుల్తానక్క ఎత్తి స్పీకర్ పెట్టింది.

"మేడం, మన కాలేజీల ఇంతమంది ఆఖరుదాక ఉన్న పాఠం ఇదే. మీరు వచ్చే నెల కూడ కొనసాగుతరు. ఒక్క మాట. ఆ సైరన్ చేసిన మనిషెవరో, మా ఫిజిక్స్ సారుకు కూడ ఒకటి చేసిస్తడేమో అడగండి."

ఆమె నా వైపు చూసింది. నేను అప్పటికే గుమ్మం దాటాను.

కథ ఇక్కడ ఆగితే నేను ఊళ్లో పండితుణ్ణే. వారం మారింది, షిఫ్టులు మారాయి. కొమురయ్య కాకకు మధ్యాహ్నం డ్యూటీ పడింది. అన్నం తిని కాస్త నడుం వాల్చాడు. గని సైరన్ కూసింది. అసలు సైరన్. కాక ఒక కన్ను తెరిచి, "ఓదెలుగాని పాఠం మళ్ల షురూ అయింది" అని తిట్టుకుని అటు తిరిగి పడుకున్నాడట.

సాయంత్రం కొట్టుకొచ్చాడు. చేతిలో ఫ్యాను లేదు.

"మస్టరు పోయిందిరా. ఇయ్యాల్టి జీతం పాయె."

నేను తల వంచుకున్నాను. "కాకా, నేను పుస్తకంల..." అని మొదలుపెట్టాను. ఆయన తన కాలి చెప్పు వైపు చూశాడు. ఆపేశాను.

అందుకని గ్రంథాలయం గోడ మీది 'నిశ్శబ్దం పాటించండి' సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నల్ల నేపథ్యం మీద నీలం అక్షరం పెట్టను. నా చెవులు వినని చప్పుడును ఊరి చెవుల్లో వేయను. ఎవరి స్లైడులూ ముట్టను, ముట్టమని ప్రిన్సిపాల్ బతిమాలినా సరే. ఈ ప్రమాణాన్ని గట్టిగా చేద్దామనే అనుకున్నాను. పక్కింట్లో నైట్ షిఫ్టు మనిషి పడుకున్నాడు, అందుకే గొణుగుతున్నాను.