నల్లమలకు కత్తి కొన్న ఏడు

నిన్న పొద్దున చాయ్ తాగుతుంటే మా మనవరాలు తన ఫోను నా కళ్ల ముందు పెట్టి, "అవ్వా, గీ రెండిట్ల ఏది మంచిగుంది?" అని అడిగింది. అద్దాలు సవరించుకుని చూస్తే రెండూ కత్తులు, మూరెడు పొడవున్నవి, ముందుకు వంగినవి, ఒకదానికి నల్లని రబ్బరు పిడి, ఇంకోదానికి తోలు ఒర. స్నేహితురాళ్లతో కలిసి ఏదో అడవిలో గుడారం వేసుకుని ఉండి వస్తారట, దానికి కావాలట. చేత పట్టకుండా కత్తి మంచిదో చెడ్డదో ఎట్లా చెప్పేదని అనేశాను గానీ, ఆ క్షణం నుంచి నాకు ఇంట్లో కాలు నిలవలేదు. వాకిట్లోకి పోతాను, వస్తాను, కూర్చుంటాను, మళ్లీ లేస్తాను. చివరికి ఆ పిల్లే నన్ను పట్టి కూర్చోబెట్టి, నువ్వు చెప్పు, నేను రాస్తానంది. అక్షరం రాని దాన్ని, నేను చెబుతుంటే నా మాటను కొంచెం దిద్ది రాస్తోంది. నా ఈడువాళ్లు చదివితే ఆ దిద్దుబాటును మన్నించాలి.

మా అత్తవారిది కల్వకుర్తి దిక్కున ఒక మెట్ట పల్లె. గొర్రెలూ మేకలూ కాసుకునే ఇల్లు. నా పుట్టింట్లో ఎడ్లు, చెలక తప్ప మందలు లేవు కాబట్టి, పెళ్లై వచ్చేదాకా నేను అడవి ముఖం చూసినదాన్ని కాను. శివరాత్రి దాటి చెలకల్లో గడ్డి మాడిపోగానే మందను నల్లమలకు తోలుకుపోవడం ఆ ఇంటి అలవాటు. మా మామ, నా పెనిమిటి మందతో తిరిగితే, మా అత్త అడవిలో వేసిన దొడ్డి దగ్గరే ఉండి, ఇంకా నడక చాలని గొర్రెపిల్లలను, మేకపిల్లలను కాచి, జొన్నరొట్టెలు చేసిపెట్టేది. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి, చలికాలం పోకముందే బావులు అడుగంటాయి, దానికి తోడు మా అత్తకు మోకాళ్లు పట్టేశాయి. దొడ్డి పని నా మీద పడింది.

బయలుదేరే ముందు రోజులు ఎంత అలజడిగా గడిచాయో చెప్పలేను. నీళ్లు చాలని గొర్రెలు పడుకునేవి కావు, ఎప్పుడూ అరుపులే. మా మామ మొదలే నిలకడ లేని మనిషి, ముద్ద నోట్లో పెట్టుకుని లేచిపోయి దక్షిణం దిక్కు చూసి వచ్చేవాడు. నాకేమో అడవి అంటే భయమూ ఉంది, ఈ ఎండిన ఊరు విడిచి ఎప్పుడు పోదామా అనే తొందరా ఉంది. దొడ్డికి కంప నరకడానికి మా అత్త తన కత్తి నాకిస్తుందని అనుకున్నాను. ఆమె దాన్ని చాప కింద పెట్టుకుని, ఎవరి చేతికి ఎవరి కత్తి వాళ్లదేనని, నీది నువ్వు చూసి కొనుక్కోమని తేల్చేసింది.

అట్లా బయలుదేరి, దారిలో మందను అచ్చంపేట బయట ఆపి, మేము అక్కడి అంగడికి పోయాం. ఒక చింతచెట్టు నీడన కమ్మరి గోనెపట్టా పరిచి కత్తులు పెట్టుకున్నాడు. లారీల కింద ఉండే కమాను పట్టీలను కాల్చి సాగగొట్టి చేసినవని, రాయి మీద కొట్టినా అంచు విరగదని చెప్పాడు. నేను ఒక్కొక్కటే ఎత్తి చూశాను. కొన్ని పిడి దగ్గరే బరువు, చేయి విసిరితే ముందుకు సాగవు. కొన్ని తేలిక, కొమ్మ మీద ఎగిరిపడేట్టున్నాయి. ఒకటి మాత్రం కొంగ మెడలాగా కొనన బాగా వంగి, ఎత్తగానే తనంతట తాను కిందికి దిగాలన్నట్టు చేతిలో ఊగింది. ఎందుకో తెలియదు, దాన్ని మళ్లీ కింద పెట్టబుద్ధి కాలేదు.

మా మామకు అది నచ్చలేదు. "గింత వంకరుంటె యాడనో ఒక్కకాడ ఇరుక్కుంటది బిడ్డా. జర సాపుగున్నది చూడు" అన్నాడు. కమ్మరి నవ్వి, "కొట్టెటోళ్లకు సాపుది, కంప ఈడ్చెటోళ్లకు వంకది. ఇద్దరి మాటా కరెక్టే" అని తప్పించుకున్నాడు. నా పెనిమిటి తండ్రి వైపు చూశాడు, నా వైపు చూశాడు, ఆకాశం వైపు చూశాడు. కొత్త కోడలిని, మామకు ఎదురు చెప్పే కాలం కాదు అది. అయినా ఆ కత్తిని కొంగున చుట్టి పట్టుకుని అక్కడే నిలబడ్డాను. మందకు ఆలస్యమవుతోందని మా మామే విసుక్కుని ఒప్పుకున్నాడు.

అమ్రాబాదు దాటి లోపలికి పోయాక, ఒక చెంచు గూడేనికి కూతవేటు దూరంలో, రేగుకంపతో చుట్టూ కంచె కట్టి దొడ్డి వేశాం. ఒక పక్క చిన్న దారి, దానికి కంపతోనే అల్లిన తడక. పగలంతా నేనూ పిల్లలూ, అంతే. ఎండుటాకు రాలినా లేచి నిలబడేదాన్ని. కూర్చోలేక కంపలు నరుకుతూ, కంచె ఎత్తు పెంచుతూ ఉండేదాన్ని. ముల్లు ముట్టకుండా కత్తి కొనతో కొమ్మను లాగి పైన వేయడం చేతికి బాగా అలవాటైంది. అప్పుడప్పుడు గూడెంలోని ఒక చెంచు ఆమె తేనె తెచ్చి ఇచ్చి, నా దగ్గర మజ్జిగ తాగి పోయేది. అడవిలో నాతో మాట్లాడే ఆడమనిషి ఆమె ఒక్కతే.

ఒక మధ్యాహ్నం గాలి పడమటి నుంచి లేచింది. వంట చేసే పొద్దు కాకపోయినా పొగ వాసన. చూస్తుండగానే కింది లోయలోని ఎండుగడ్డి చిటపటమంటూ మంట పైకి ఎక్కి వస్తోంది, అదీ దొడ్డి దారి ఉన్న వైపు నుంచే. మామ, పెనిమిటి మందతో వాగు అవతల ఉన్నారు. నేను అరిచిన అరుపు నాకే వినిపించలేదు. తడక తీస్తే పిల్లలు మంటలోకే పోతాయి. వెనక వైపు పరుగెత్తి, నేనే రోజుకింత ఎత్తు పెంచిన కంచెకు కత్తి కొన తగిలించి ఈడ్వడం మొదలుపెట్టాను. ఒక కొమ్మ వస్తే దానితో నాలుగు అల్లుకుని వచ్చేవి. సందు పడ్డా పిల్లలు కదలవు, మూలకు ఒత్తుకుపోయి ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి.

అప్పుడు చెంచు ఆమె ఎటునుంచి వచ్చిందో వచ్చింది. "నువ్వు ఈడువు, నేను అందుకుంట!" అని సందులోంచి దూరి, పిల్లలను కాళ్లు పట్టి ఎత్తి బయటికి విసరసాగింది. నేను ఇంకా లాగుతుంటే కత్తి వంకర కంచె కింద ఉన్న ఒక వెదురు మొద్దులో చిక్కుకుంది. ఊపాను, తన్నాను, రాలేదు. మా మామ అన్నట్టే అయింది. "ఇడిసిపెట్టు తల్లీ!" అని ఆమె గట్టిగా అరిచాక గానీ నా చేయి పిడిని వదల్లేదు. చంకకొక పిల్లను ఇరికించుకుని, మిగతావాటిని తరుముకుంటూ పైనున్న రాతి పరుపు మీదికి ఎక్కాం. అక్కడ గడ్డి లేదు. మంట మా కింద నుంచి పక్కకు తిరిగిపోయింది.

ఐదారు పిల్లలు దక్కలేదు. సాయంత్రం మంద తిరిగొచ్చినప్పుడు తల్లులు తమ పిల్లలను వెతుక్కుని పాలకు పొదుగు అందించాయి. పిల్లలు పోయిన గొర్రెలు మాత్రం ఆ వేడి బూడిద చుట్టూ అరుస్తూ తిరిగాయి. వాటితో పాటు నేనూ తిరిగాను. నా పెనిమిటి నన్ను వాగు దాకా తీసుకుపోయి, ముళ్లు గీరిన చేతులు కడిగి, ఒక్కొక్క ముల్లు తీశాడు. మా మామ కట్టెతో బూడిదలో వెతికి కత్తిని తెచ్చాడు. పిడి కాలిపోయింది, ఇనుము నీలిగా మారి చేవ చచ్చింది. దాన్ని చూసి నాకు ఏడుపు ఆగలేదు. "కత్తి పోతె ఇంకోటి కొనుక్కుంటం బిడ్డా. నువ్వు దక్కినవ్, గదే చాలు" అన్నాడాయన. అని, అక్కడ ఇక నిలవలేక, తెల్లారగానే మందను ఇంకో జాగాకు తోలించాడు.

మరుసటి ఏడు అదే అంగడిలో మా మామ మళ్లీ సాపు కత్తే తీసుకోమన్నాడు. వంకది లేకుంటే పిల్లలు దక్కేవి కావని నేను, వంకది కాబట్టే చిక్కిందని ఆయన. ఆయన పోయేదాకా ఆ పంచాయితీ తెగలేదు, నేను వంకది కొనడం మానలేదు.

ఇప్పుడు ఆ అడవికి గేట్లు పెట్టారు, మందలను పోనివ్వరు. పులుల కోసమంటే కాదనలేం, అడవి మొదట వాటిదే. మిగిలిన గొర్రెలు లారీలెక్కి ఎక్కడెక్కడో కోసిన వరిమళ్లకు పోతాయి. మా చెలకలకు కాలువ నీళ్లొచ్చాయి, ఎండాకాలంలో కూడా ఊరు పచ్చగా ఉంటుంది. ఎవరూ ఎక్కడికీ పోవలసిన పని లేదు. ఇది సుఖమేనని నాకూ తెలుసు. కానీ శివరాత్రి దాటి గాలి మారగానే నా ఒళ్లు నా మాట వినదు. పొద్దున్నే లేచి, తల దువ్వుకుని, చెప్పులు తొడుక్కుని అరుగు మీద కూర్చుంటాను. "యాడికే అమ్మా?" అని కొడుకు అడుగుతాడు. యాడికీ లేదురా అంటాను. చెప్పులు మాత్రం విప్పబుద్ధి కాదు.