విల్లుకు పసుపు రాసిన ఉదయం

మా బావ, అంటే అక్క భర్త, జింకను ఎదురుగా చూసింది ఎప్పుడూ లేదు. ఫోనులోనే చూశాడు. మంచు దేశాలవాళ్లు చెట్టెక్కి, కదలకుండా కూర్చుని, బాణంతో జింకను కొట్టే వీడియోలు. అనకాపల్లిలో వాళ్ల నాన్న బెల్లం కొట్లో కాటా పక్కన కూర్చుని రోజంతా అవే. చివరికి దేవరాపల్లి దాటాక కొండవాలులో స్థలం అద్దెకు తీసుకుని చలికాలం క్యాంపు పెడతానన్నాడు. డేరాలు, నెగడు, విలువిద్య. మన దగ్గర జింకను కొడితే జైలు కాబట్టి, ఫోముతో చేసిన జింక.

వాళ్ల నాన్న ఒక్కటే మాట అన్నారు. "ఈ సలికాలం నీది. నడిత్తే నడుపుకో. లేదంటే నోరు మూసుకుని కొట్లో కూకో. మరింక ఈ ముచ్చట్లు నా దగ్గర ఎత్తకు."

నేను మెకానికల్ చదివాను కనుక బిగింపు పని నాకు పడింది. డబ్బాల్లోంచి వచ్చినవి ఇవి: మంచులో కనపడకుండా ఉండటానికి తెల్ల చారల కోటు, మా ఎర్రమట్టి మీద అది ఊరవతలికి కూడా కనిపిస్తుంది; అరచేతులు వెచ్చబెట్టే పొట్లాలు; మగ జింకను రప్పించే ఆడ జింక మూత్రం, సీసాలో. ఫోము జింక వాసన చూడలేదని గుర్తు చేశాను.

"అన్నీ పద్ధతి ప్రకారం ఉండాల బామ్మర్దీ. నీకు తెలీదులే," అన్నాడు.

ఆ సామానులో గౌరవించదగ్గది విల్లొక్కటే. రెండు కొసల్లో కప్పీలు, వాటి మీదుగా తాళ్లు, చక్కటి లెక్క. దానికి ఒకటే నియమం: బాణం పెట్టకుండా తాడు లాగి వదలకూడదు. బాణంతో పోవలసిన బలమంతా విల్లు మీదే పడుతుంది. ఈ సంగతి బావకు నాకంటే ముందే తెలుసు, వీడియోల పుణ్యాన.

ప్రారంభం రోజు పొద్దున్నే సబ్బవరం నుంచి ఒక కుటుంబం మంకీ టోపీల్లో దిగింది. నెగడు చుట్టూ చేరి, చెమటలు తుడుచుకుంటూ చలి అన్నారు. బావ వాళ్ల నాన్న పూజ సామానుతో వచ్చారు. విల్లుకు పసుపు రాశారు, బొట్లు పెట్టారు, కప్పీకి నిమ్మకాయ కట్టారు. తాడుకు అడ్డమని నిమ్మకాయ నేను విప్పేశాను. ఆయన విల్లు చేతికి తీసుకున్నారు.

"ముందు టంకారం సెయ్యాల. నారి మోగితేనే శుభం."

"ఆగండి మామయ్యా. బాణం లేకుండా వదిలితే విరిగిపోతుంది."

"పూజకి బాణం ఏటిరా ఇంజినీరూ? కొత్త లారీకి సరుకేసి పూజ సేత్తారేటి?"

నేను బావ వైపు చూశాను. "నాన్నా..." అన్నాడు.

"ఏటి?"

"ఏం లేదు. లాగు నాన్నా."

జన్మంతా బెల్లం దిమ్మలు ఎత్తిన చేతులు. సునాయాసంగా లాగి వదిలారు. టైరు పేలినట్టు మోత. విల్లు పిడికి పైనున్న రెక్క నిలువునా చీలింది, తాడు ఆయన మణికట్టు మీద వాత పెట్టింది, కప్పీ ఎగిరి డేరాలో పడింది. మంకీ టోపీల్లో ఒకాయన అది కార్యక్రమంలో భాగమనుకుని చప్పట్లు కొట్టాడు.

ఆయన మణికట్టు రుద్దుకుని తీర్పు చెప్పారు. "నాసిరకం సరుకురా. నిన్ను మోసం సేసేరు."

బావకు దక్కిన చలికాలమంతా అక్కడ ఒక్క మాట మీద నిలబడి ఉంది. సరుకు మంచిదే నాన్నా, వదలడమే తప్పు, రెక్క మారిస్తే సరిపోతుంది. అంతే అనాలి. నేను ఎదురుచూశాను. బావ తెల్ల చారల కోటు జిప్పు మెడదాకా లాక్కున్నాడు.

"అవును నాన్నా. నాసిరకమే."

"మరందుకే సెప్పేను. కొట్లో కూకో."

వచ్చినవాళ్లు ఉప్మా తిని వెళ్లిపోయారు. మధ్యాహ్నానికి డేరాలు లారీ ఎక్కాయి. ఇప్పుడు కొట్లో ఎవరడిగినా, ఈ రోజుల్లో అంతా దొంగసరుకేనని బావ చెబుతాడు, పక్కన వాళ్ల నాన్న తల ఊపుతారు. ఆ విల్లును నా చేతులతో బిగించిన నాకు కూడా చెప్పాడు, కళ్లలోకి చూస్తూ. ఆ రెక్క విడిగా దొరుకుతుందని నేను ఆ సాయంత్రమే కనుక్కున్నాను. బావ ఇంతవరకూ నన్ను అడగలేదు.