బోర్లా పడుకున్న అమ్మ, గిర్రున తిరిగే బొమ్మ

అమ్మ కుడికంటికి వేలూరులో ఆపరేషన్ అయింది. కంటిలోపల ఊడిన పొరను అతికించి, అది కదలకుండా గాలి నింపారు. ఆ గాలి పొరను అదిమి పట్టాలంటే అమ్మ రాత్రీ పగలూ బోర్లా పడుకునే ఉండాలట. మాటిమాటికీ తల ఎత్తితే చూపు రాకపోవచ్చని డాక్టరు తమిళంలో నిదానంగానే చెప్పారు.

అదే ఊళ్ళో బాగాయంలోని మా ఇంట్లో, అమ్మను ముఖం మంచం అంచు దాటి కిందికి ఉండేలా పడుకోబెట్టాము. అమ్మ ఒకచోట కుదురుగా ఉండే మనిషి కాదు. పైగా ఆ వారమే గుడియాత్తంలో ఉండే నా చెల్లెలి కూతురికి సీమంతం. మా ఇళ్ళల్లో పెద్ద ముత్తైదువ గాజుల పాట ఎత్తుకుంటే తప్ప కడుపుతో ఉన్న పిల్ల చేతికి గాజు ఎక్కదు. పిల్లలంతా తమిళంలో చదువుకున్నవాళ్ళు. ఆ తెలుగు పాట అమ్మకు తప్ప ఎవరికీ చివరిదాకా రాదు. కారులో పడుకునైనా వెళతానని మొదలుపెట్టింది. నేను అరిచాను. ఆమె అలిగి అన్నం మానేసింది.

చివరికి వీడియో కాల్‌కి ఒప్పుకుంది. ఆమె ముఖం కింద స్టూలు వేసి, దాని మీద ఫోను పెట్టాను. అక్కడ అందరూ కనబడాలని చెల్లెలు తన ఫోనును అడ్డంగా పెట్టింది. ఇక చూడాలి తమాషా. అమ్మ వేలు తగిలిన ప్రతిసారీ మా ఫోనులో బొమ్మ నిలువుగానో, తలకిందులుగానో తిరిగిపోతుంది. అది ఎటు తిరిగితే అమ్మ తల అటు తిప్పుతుంది, మెడ పైకి లేస్తుంది. ఫోను సరిగ్గా పెట్టమని నేను చెల్లెలిని తిట్టాను, అది నన్ను తిట్టింది. తీరా చూస్తే తప్పు మా ఫోనుదే. నిలబెట్టి పట్టుకుంటేనే దానికి పైదేదో కిందదేదో తెలుస్తుంది, పడుకోబెడితే తికమకపడుతుంది. తిరగకుండా ఆపే మీట నొక్కితే నిలువుగానే ఆగింది. అందులో మనుషులు చీమలంత ఉన్నారు.

ఫోను చేతికొస్తే క్రికెట్ తప్ప మరొకటి తెరవని మా ఆయన, ఆ రోజు ఏదో చిన్న యాప్ దించారు. అడ్డం అని ఒక్కసారి నొక్కితే ఫోను ఎలా కదిలినా బొమ్మ అడ్డంగానే ఉంటుందన్నారు. నిజంగానే ఉంది.

"ఇప్పుడు బాగుండాది అల్లుడూ. పిల్ల చెయ్యి కనపడతా ఉండాది," అంది అమ్మ. నేల వైపు చూస్తూనే పాట ఎత్తుకుంది. గుడియాత్తంలో ఆడవాళ్ళంతా అందుకున్నారు. ఆమె ఎడమకంటి నీళ్ళు ఫోను మీద పడుతుంటే నేను కొంగుతో తుడుస్తూ కూర్చున్నాను. పాట ముగిసేదాకా తల లేవలేదు. ఆ తర్వాత రోజులూ ఆ ఫోనుతోనే గడిచాయి. మనవరాలితో కబుర్లు, సీరియళ్ళు, వంటల వీడియోలు, అన్నీ బోర్లా పడుకునే.

ఆ యాప్ చేసినవాళ్ళెవరో నాకు తెలియదు. ఎవరైనా సరే, వాళ్ళ కడుపు చల్లగా ఉండాలి. మా ఆయన క్రికెట్‌ను కూడా ఆ నెలంతా నేను ఏమీ అనలేదు.

గాలి కరిగాక ఆసుపత్రికి తీసుకెళ్ళాము. డాక్టరు బాగున్న కన్ను మూసి, ఏం కనబడుతోందని అడిగారు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. అమ్మ ముఖం మెల్లగా నా వైపు తిరిగింది.

"ఎందుకమ్మా కండ్లు తుడుచుకుంటా ఉండావు?" అంది.