టాంజానియాకి వేలిముద్రలు

పెళ్ళయిన తర్వాత నా చేతులకి అన్ని రోజులు సెలవు దొరికింది ఒక్క పాస్‌పోర్టు వల్లే. జ్వరాలొచ్చినా, ఇంట్లో శుభకార్యాలొచ్చినా దొరకని సెలవు అది.

నేను జీడిపిక్కలు కొట్టే మనిషిని. నర్సీపట్నంలో, బలిఘట్టం వెళ్ళే దారిలో ఉన్న జీడి బట్టీలో కాపురానికి వచ్చిన ఏడాది నుంచీ అదే పని. నేర్పింది మా అత్త. కాల్చిన పిక్కని ఎడమ చేతి వేళ్ళ మధ్య నిలబెట్టి చెక్క సుత్తితో ఒక్క దెబ్బ వెయ్యాలి. తొక్క విచ్చుకోవాలి, లోపలి పప్పు చెక్కుచెదరకూడదు. విరిగితే అది బద్ద, విరక్కపోతే గుండు. నా గంపలో బద్ద కనపడాలంటే వెతుక్కోవాలి. గొప్పలు చెప్పుకుంటోందని మీరు అనుకుంటే, అవును, చెప్పుకుంటున్నాను. మా బట్టీలో ఎవరినైనా అడిగి చూడండి.

మా దగ్గర పప్పు కొనే సంస్థ వాళ్ళు టాంజానియాలో ఆడవాళ్ళ చేత ఒక బట్టీ పెట్టిస్తున్నారు. అక్కడా మనలాగే ఎండలు, కొబ్బరి చెట్లు, జీడి తోటలూ ఉన్నాయట. ఆ ఊరి వాళ్ళకి కొట్టే పని అలవాటు లేక పిక్కల్ని మూటలతోనే అమ్మేసుకుంటున్నారట. పక్కన కూర్చుని నేర్పే మనిషి కావాలంటే మా మేస్త్రి నన్ను చూపించాడు. "ఈవిడకి నోరు కాస్త ఎక్కువండి. పనికి మాత్రం వంక పెట్టలేరు" అన్నాడు. మొదటి మాటకి ఆ సాయంత్రమే అతనికి గట్టిగా గడ్డి పెట్టాను. రెండో మాటని మాత్రం ఇప్పటికీ అప్పుడప్పుడూ తలుచుకుంటాను.

మా వీధిలో విదేశం అంటే మంచు కురిసే చోటే. పక్కనున్న లంబసింగి కొండ చలికే వణికే జనం మేం. ఎదురింటావిడ తన స్వెటర్ తెచ్చిచ్చింది. కృష్ణదేవిపేటకి షేర్ ఆటో తోలే మా ఆయన, ఎక్కిన ప్రతి మనిషికీ నా ప్రయాణం సంగతి చెప్పుకుంటూ వెళ్ళి, వచ్చేటప్పుడు నాకొక మంకీ క్యాప్ కొనుక్కొచ్చాడు. అక్కడ మనకంటే ఎండలని చెప్తే, "ఎంత ఎండైనా ఫారిన్ ఫారినే కదే" అన్నాడు.

చలి సంగతి అలా ఉంచితే, అసలు చిక్కు నా వేళ్ళతో వచ్చింది. జీడి తొక్కలో ఒక నూనె ఉంటుంది. అది చర్మాన్ని తినేస్తుంది. బూడిద పూసుకున్నా, ఆముదం రాసుకున్నా కొన్నాళ్ళకి వేళ్ళ కొసలు నల్లబడి నున్నగా అయిపోతాయి, గీతలన్నీ చెరిగిపోతాయి. రేషన్ డిపోలో మెషిన్ మీద నా వేలు ఎప్పుడూ పడదు. కన్ను చూపించి బియ్యం తెచ్చుకోవడం బట్టీ ఆడవాళ్ళందరికీ అలవాటే. దాన్ని లోటని నేనెప్పుడూ అనుకోలేదు.

సంస్థ సారు ఫోన్ చేసి చెప్పాడు. "పాస్‌పోర్టు ఆఫీసులో పది వేళ్ళూ స్కాన్ చేస్తారమ్మా. పడకపోతే మళ్ళీ రమ్మంటారేమో. అలా ఆలస్యమైతే ఈ సీజను దాటిపోతుంది. అప్పుడిక మేం వేరే వాళ్ళని చూసుకోవాలి."

వేరే వాళ్ళు అన్న మాటకి నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరా వేరే వాళ్ళు? బద్దలు కొట్టేవాళ్ళా?

దారి చూపించింది మా అత్తే. "పని మానేస్తే గీతలు ఒచ్చేస్తాయే. నీ మొగుడు పుట్టినప్పుడు నాను కొన్నాళ్ళు పిక్క ముట్లేదు. అప్పుడు నాకూ ఒచ్చినాయి. మల్లీ పన్లోకెల్తే పోనాయి" అంది.

ఆ రోజు నుంచి ఇంట్లో అత్త చెప్పిందే చట్టం. నేను పిక్క ముట్టకూడదు. అంట్లు తోమకూడదు, సబ్బు పట్టకూడదు, కారం కలపకూడదు, చింతపండు పిసకకూడదు. పొద్దున్నా సాయంత్రం కొబ్బరి నూనె రాసుకుని కూర్చోవాలి. అంట్లు ఆవిడ తోమేది. బట్టలు మా ఆయన ఉతికేవాడు, అదీ వీధి వైపు కనపడకుండా పెరట్లో. ఖాళీగా కూర్చోవడం నాకు చేతకాదు. ఒకరోజు చూసుకోకుండా గిన్నె పట్టుకుంటే అత్త పరుగెత్తుకొచ్చింది.

"పాస్‌పోర్టు సెయ్యి అది. దించు" అంది.

పక్కింటావిడ గోడ మీంచి నవ్వింది. "కోడలికి అన్నం కూడా తినిపిస్తావేటి?"

"తినిపిస్తాను. నీ కోడల్ని కూడా ఇమానం ఎక్కించు, నువ్వూ తినిపిద్దువు గాని" అంది అత్త, గిన్నె తోముతూనే.

పని మొదలుపెట్టిన రోజుల్లో ఒక్క బద్ద పడితే చాలు, నన్ను నలుగురిలో కడిగేసిన మనిషి ఆవిడ. ఆవిడ నా గిన్నెలు తోముతుంటే మొదట్లో నాకు కూర్చోబుద్ధయ్యేది కాదు. తర్వాత తర్వాత, నిజం చెప్పొద్దూ, బాగానే అనిపించేది.

రోజూ పొద్దున్నే నన్ను వాకిట్లో వెలుతురులోకి లాగి, నారుమడి చూసినట్టు నా వేళ్ళు చూసేది. ఆవిడకి చూపు ఆనదు. అందుకని మా ఆయన ఫోన్‌లో ఫోటో తీసి పెద్దది చేసి చూపించాలి. చిటికెన వేళ్ళ మీద ముందుగా సన్నటి గీతలు కనిపించాయి. ఆ తర్వాత ఉంగరపు వేళ్ళు. పిక్కని పట్టుకునే ఎడమ బొటనవేలు మాత్రం అన్నిటికంటే వెనకబడింది. "ఇది మొండిది, నీలాగే" అనేది అత్త.

అంతా బాగానే నడుస్తోందనుకున్నాం. ఆఫీసుకి వెళ్ళాల్సిన రోజుకి ముందు సాయంత్రం అత్త పెరట్లో గోరింటాకు దూసి రుబ్బింది. శుభమా అని పెద్ద ఆఫీసుకి వెళ్తుంటే చేతులు బోసిగా ఉండకూడదంది. నా నల్లటి వేళ్ళ మీద గోరింటాకు కనపడదని ఎన్నో ఏళ్ళుగా నేను పెట్టుకోవడమే మానేశాను. కాదనబుద్ధి కాలేదు. పది వేళ్ళ కొసలకీ టోపీల్లా తొడిగింది. తెల్లారేసరికి బ్రహ్మాండంగా పండింది.

చూసిన మా ఆయన మొహం మాడిపోయింది. "పరీక్షలకెళ్ళే పిల్లల్ని గోరింటాకు పెట్టుకోవద్దంటారు కదే. మెషిన్ తీసుకోదంట" అన్నాడు.

నిమ్మకాయ పెట్టి రుద్దాను, పెరుగు పెట్టి రుద్దాను. ఎరుపు ఇంకా కాస్త మెరిసింది, అంతే. "రుద్దకే, గీతలు పోతాయి" అని అత్త కేకలు. అక్కడికక్కడే గట్టు మీద కూలబడి ఏడ్చింది. "నా సేతుల్తో నానే పాడు సేసినాను" అంది. ఆవిడ ఏడవగా నేనెప్పుడూ చూడలేదు. నా కోపం సంగతి మీకు తెలుసు. అన్నీ నాలుక చివరి దాకా వచ్చాయి. ఆవిడ నానిపోయిన చేతులు చూసి ఒక్కటీ అనలేకపోయాను. "లే అత్తా, బస్సు ఎళ్ళిపోద్ది. బేగి రా" అన్నాను.

ముగ్గురం విశాఖపట్నం వెళ్ళాం. వాళ్ళిద్దర్నీ గేటు బయటే ఆపేశారు. లోపల కౌంటర్లో కూర్చున్న అమ్మాయి నా వేళ్ళు చూసి, "భలే పండిందండీ" అంది. నాకు నవ్వు రాలేదు. కుడి చేతి నాలుగు వేళ్ళూ పెట్టమంది, పడ్డాయి. ఎడమ చేతివీ పడ్డాయి. కుడి బొటనవేలూ పడింది. ఎడమ బొటనవేలు దగ్గర మెషిన్ ఊరుకుంది.

"తుడుచుకుని మళ్ళీ పెట్టండి. మెల్లిగా" అంది.

పైట చెంగుతో తుడిచి పెట్టాను. లేదు. ఆ అమ్మాయి తడిబట్ట ఇచ్చింది. వేలు అద్దుకుని మళ్ళీ ఆనించాను. ఊపిరి కూడా తియ్యలేదు. స్క్రీన్ మీద నల్లగా, గుండ్రంగా, ఒకదాని లోపల ఒకటి గీతలు లేచాయి.

"అది నాదేనా అమ్మా?"

"మీదేనండీ. అయిపోయింది."

వెనకవాళ్ళు పిలిచేదాకా నేను కదలలేదు. పెళ్ళినాటి నా వేలు అది. నల్లటి పనికి ఇచ్చేశాననుకున్నది నాలోపలే ఉండి, పిలవగానే వచ్చింది. నాకు చాలా గర్వంగా అనిపించింది.

బయట ఫుట్‌పాత్ మీద పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది అత్త. నా ఎడమ బొటనవేలు పట్టుకుని తన బొటనవేలితో మెల్లగా రాసి చూసింది. ఆవిడ వేలు చింతగింజలా నున్నగా ఉంది. "పడింది కదే" అంది. పడిందన్నాను. అంతే, పక్కనున్న చెరుకు రసం బండివాడితో మొదలుపెట్టి నర్సీపట్నం బస్సు కండక్టరు దాకా, "మా కోడలి ఏళ్ళు పదీ పడ్డాయి బాబూ" అని అందరికీ చెప్పింది.

పాస్‌పోర్టు వచ్చింది, టిక్కెట్టు వచ్చింది. బ్యాగు సర్దే రోజున నా చెక్క సుత్తి చీరల మధ్య పెడుతుంటే అత్త తీసేసింది.

"నువ్వక్కడ పిక్క ముట్టకు. మల్లీ గీతలు పోతే, వచ్చేటప్పుడు ఏలు పెట్టమంటే ఏటి సేస్తావు? నోటితో సెప్పు. నీకు నోరుంది కదా."

"నోటితో సెప్తే వచ్చే పనా అది? నువ్వు నాకు నోటితో సెప్పినావా?"

ఆవిడ నా సుత్తి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"గీతలు పోయిన ఏళ్ళనే వాళ్ళు రమ్మన్నారు అత్తా. ఈ గీతలు దారిఖర్చుకి, అంతే" అన్నాను.

ఆ సుత్తి పక్కన పెట్టింది. లేచి లోపలికి వెళ్ళి, అటక మీంచి తన పాత సుత్తి తెచ్చింది. పని మానేసిన రోజు నుంచీ దాన్ని ఎవరినీ ముట్టనివ్వలేదు. ఆముదం రాసి, పాత జాకెట్టు గుడ్డలో చుట్టి, బ్యాగులో చోటు చాలక మంకీ క్యాప్ తీసి బయట పడేసింది.

"నీది ఒద్దు. దీన్నట్టుకెల్లు" అంది.

విప్పి చూశాను. పిడి మీద ఆవిడ బొటనవేలు ఆనించే చోట గుంట పడి ఉంది. అందులో నా వేలు పెట్టి చూశాను. సరిగ్గా సరిపోయింది.