కొడుకు మీద గెలవడానికి తండ్రి నేర్పిన ఆట

నాకు మొదటినుంచీ మనుషుల మీద నమ్మకం తక్కువ. ఆదోని హైస్కూల్లో లెక్కల అయ్యవారిగా చేరాక ఆ గుణం ఇంకా ముదిరింది. పరీక్ష హాల్లో పిల్లవాడు తల గోక్కుంటే జేబులో చీటీ ఉందనుకునేవాణ్ణి. చాలాసార్లు ఉండేది కూడా. పాలవాడు నవ్వుతూ పలకరిస్తే నేను ముందు పాలగిన్నెలోకి తొంగిచూస్తానని నా భార్య ఎగతాళి చేసేది. అలాంటివాణ్ణి కాబట్టే, ఎమ్మిగనూరు సాహెబుగారు నాకు ఊరికే ఆట నేర్పిస్తానన్నప్పుడు సంతోషం కలగలేదు. ఇందులో ఏదో తిరకాసు ఉందనిపించింది.

ఆట స్నూకర్. డెబ్బైల చివర్లో ఆదోనిలో దూది వ్యాపారుల క్లబ్బు ఒకటి ఉండేది. అందులో పచ్చటి గుడ్డ పరిచిన పెద్ద బల్ల. తెల్లబంతిని కర్రతో పొడిచి, దాంతో మిగతా బంతుల్ని ఒక వరసలో బల్ల అంచు గుంతల్లోకి పంపాలి. అన్నీ పోయాక చివరికి నల్లబంతి మిగులుతుంది. జిన్నింగు మిల్లులు నడిచే రోజుల్లో గాలిలో తేలే దూది ఆ గుడ్డ మీద పేరుకునేది, బ్రష్షుతో దులిపితేగానీ ఆట సాగేది కాదు. పత్తి సీజను ముగిశాక, ఎండలు ముదిరే వేళకు క్లబ్బులో పోటీలు పెట్టేవారు. నేను ఏటా ఫైనల్ దాకా వచ్చేవాణ్ణి, ఏటా ఒకే మనిషి చేతిలో ఓడిపోయేవాణ్ణి. అతనికి మార్కెట్ యార్డులో పత్తి కమీషన్ వ్యాపారం. నా ఈడువాడే. గెలిచాక గొప్పలు పోయేవాడు కాదు, మెల్లగా కర్ర గోడకు ఆనించి నాకు టీ చెప్పేవాడు. ఆ మర్యాద నాకు ఒళ్ళు మండించేది. జీవితంలో ఒక్కసారి అతని మీద గెలవాలని నాకు పట్టుదల.

ఎమ్మిగనూరు సాహెబుగారు అతని తండ్రి.

ఆ ఏడు కూడా ఓడిపోయి బయటికొస్తే, క్లబ్బు కిటికీ అవతల ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. మండుటెండలో శాలువా కప్పుకుని, చేతులు రెండూ దాని కిందే దాచుకున్నాడు. ఫలానావాడి తండ్రినని తానే చెప్పుకుని, నాతోపాటు బస్టాండు దాకా నడిచాడు.

"నీ లెక్క సరిగ్గానే ఉండాది అయ్యోరా. సెయ్యే సరిగ్గా లేదు. ఆదివారం మా ఊరికి రా, నేర్పిస్తా" అన్నాడు. ఎందుకు అని అడిగితే జవాబు చెప్పకుండా బస్సెక్కాడు. నేర్చుకునే సంగతి కొడుక్కి మాత్రం తెలియకూడదని కిటికీలోంచి చెప్పాడు.

తండ్రీకొడుకులకు మాటల్లేవని ఊళ్ళో అందరూ అనుకునేవారు. నేను నమ్మలేదు. ఇద్దరూ కలిసి నా చెవిలో పువ్వు పెడుతున్నారని నా లెక్క. నా ఆటలో లోపాలు తండ్రి కనిపెట్టి కొడుక్కి చేరవేస్తాడు, లేదా తప్పుడు ఆట నేర్పి ఉన్నదీ పోగొడతాడు. అయినా వెళ్ళాను. ఎట్లా మోసం చేస్తాడో చూద్దామని వెళ్ళానని నా భార్యతో చెప్పాను. గెలవాలన్న ఆశతో వెళ్తున్నానని ఆమెకు తెలుసు, నవ్వి ఊరుకుంది.

ఎమ్మిగనూరులో ఆయనది బట్టల వ్యాపారం. ఇంటి వెనక గోదాములో ఒక వైపు మగ్గాలు, ఇంకో వైపు పాత స్నూకర్ బల్ల. బెంగుళూరులో ఏదో దొరల క్లబ్బు ఎత్తేస్తుంటే కొని లారీలో వేయించుకొచ్చాడట. ఆ లారీ కథ ఎన్నిసార్లు చెప్పినా ఆయనకు తనివి తీరేది కాదు. తలుపు మూసి, నన్ను బల్ల దగ్గరికి కాకుండా మగ్గం దగ్గరికి తీసుకుపోయి దాని కింద కాళ్ళు పెట్టుకునే గుంటలో కూర్చోబెట్టాడు. నూలు కండె ఉండే నాడె చేతికిచ్చి, పోగుల మధ్య నుంచి ఇటునుంచి అటు విసరమన్నాడు. మోచెయ్యి కదలకూడదు, మణికట్టు ఒక్కటే ఆడాలి. విసిరిన ప్రతిసారీ ఒక్క క్షణం ఆగాలి. పోగు తెగితే మళ్ళీ మొదటికి. నెల దాటినా నాకు కర్ర అందలేదు. ఆదివారాలు నేతగాళ్ళకు సెలవని, అయ్యవారిచేత ఉచితంగా తువ్వాళ్ళు నేయిస్తున్నాడని నాకు గట్టి అనుమానం వచ్చింది. ఒకరోజు నేను నేసిన ముక్క ఏం చేశారని అడిగేశాను. బల్ల తుడుచుకునే గుడ్డకు కూడా పనికిరాదని అన్నాడు. అది నిజమే.

కర్ర చేతికొచ్చాక ఆట మెరుగుపడలేదు, పాడైంది. మోచెయ్యి మీదే ధ్యాస పెట్టేసరికి ఆదోని క్లబ్బులో నిన్నమొన్న వచ్చినవాళ్ళ చేతిలో కూడా ఓడిపోయాను. నా అనుమానాలు ఒక్కొక్కటే బలపడ్డాయి. ఆయన ఎప్పుడూ ఒక్క దెబ్బ కూడా కొట్టి చూపించడు. శాలువాలోంచి చెయ్యి తీయడు. అంతా నోటితోనే చెప్తాడు. పైగా ప్రతివారం కొడుకు గురించి అడుగుతాడు. ఎట్లా ఆడుతున్నాడు, చిక్కిపోయాడా, దగ్గు తగ్గిందా. ఆట నేర్పేవాడికి దగ్గుతో ఏం పని?

చివరికి పరీక్ష హాల్లో వేసే ఎత్తే వేశాను. బల్ల ఎడమ అంచుకు ఆనుకున్న బంతి అంటే నాకు భయమని సాహెబుగారితో కల్ల చెప్పాను. నిజానికి నాకు బాగా వచ్చిన దెబ్బ అదే. ఈ మాట కొడుక్కి చేరితే, నాతో ఆడేటప్పుడు బంతుల్ని అటే నెడతాడు, దొంగలిద్దరూ దొరికిపోతారు. క్లబ్బులో అతనితో కావాలని చాలా ఆటలు ఆడాను. ఒక్కసారీ అటు నెట్టలేదు. ఇంకెవరైనా అయితే అక్కడితో సిగ్గుపడి ఊరుకునేవారు. నేను మాత్రం, ఇద్దరూ నాకంటే తెలివైనవాళ్ళు కాబోలనుకున్నాను.

పోటీలు దగ్గరపడ్డాక ఒక ఆదివారం నాకు ఓర్పు నశించింది. కర్ర బల్ల మీద పెట్టి, మీరు ఒక్క దెబ్బ కొట్టి చూపిస్తేగానీ ఇక రానని తెగేసి చెప్పాను. ఆయన శాలువా తీసి మగ్గం మీద వేసి, కర్ర పట్టుకుని వంగాడు. కుడిచెయ్యి మోచేతినుంచి వేళ్ళ దాకా వణికిపోతోంది. కర్ర కొస గుడ్డ మీద టకటక కొట్టుకుంది. తెల్లబంతికి పక్కగా తగిలింది, అది నాలుగు వేళ్ళ దూరం కూడా పోలేదు.

ఆయనే చెప్పాడు. చేతి వణుకు మొదలైన కొత్తలో తండ్రీకొడుకులు ఇదే బల్ల మీద ఆడారట. గుంత అంచున ఉన్న నల్లబంతిని, పసిపిల్లలైనా వేయగలిగినదాన్ని, కొడుకు వేయకుండా వదిలేశాడట. తండ్రి గెలిచాడు. ఆ పూటే కొడుకును ఇంట్లోంచి పొమ్మన్నాడు.

"నా కొడుకు నాకు బిచ్చం ఏసినాడప్పా" అన్నాడు. "సెయ్యి పోయింది, ఒప్పుకుంటా. ఆట పోలేదు. నా ఆటతో వాడు నిజంగా ఓడిపోవాల. అప్పుడే వాణ్ణి ఇంట్లోకి పిలుస్తా."

కన్నకొడుకును పిలవడానికి ఇంత వంకర దారి ఎందుకని అడగబోయి మానుకున్నాను. పంతం విషయంలో నేనేమీ తక్కువవాణ్ణి కాదు. ఆ రోజునుంచి ఆయన మీద నా అనుమానం పోయింది. పోయి, కొడుకు మీదికి మళ్ళింది. ఒకసారి దయతలచి వదిలినవాడు, ఈ ఆట ఎవరిదో పసిగడితే మళ్ళీ వదలడని ఏమిటి నమ్మకం? అట్లా గెలిస్తే నాకూ అది గెలుపు కాదు. ఇక నేర్చుకున్న చెయ్యి ఎవరికీ కనబడకుండా, క్లబ్బులో మామూలు వంకర చేత్తోనే ఆడుతూ వచ్చాను.

ఫైనల్ రోజున మొదటి దెబ్బనుంచీ మోచెయ్యి రాయిలా నిలబడింది. బంతులు చెప్పినట్టు విన్నాయి. నా చెయ్యి నాకే కొత్తగా అనిపించి, ఆడుతూనే ఆనందం ఆపుకోలేకపోయాను. ఆట సగానికి వచ్చాక అతను తన కర్ర కొసకు సుద్ద రాసుకుంటూ నా పక్కకు వచ్చాడు. గొంతు తగ్గించి, "ఆ మోచెయ్యి మా అబ్బాది" అన్నాడు.

తండ్రి చెయ్యిని గుర్తుపట్టేశాడు, ఇక కావాలని వదిలేస్తాడేమో అనుకున్నాను. ఆ తర్వాత అతను ఇంకా బాగా ఆడాడు. వెనకబడినవాడు వరసగా వేసుకుంటూ నన్ను అందుకున్నాడు. హమ్మయ్య, వదలట్లేదు అనుకున్నాను. ఓడిపోతానేమో అన్న భయంలో కూడా ఆ ఊరట ఉంది. చివరికి బల్ల మీద నల్లబంతి ఒక్కటే మిగిలింది. అది వేసినవాడిదే గెలుపు. దెబ్బ అతనిది. మరీ సులువు కాదు, మరీ కష్టం కాదు. అతను వంగి, చాలాసేపు గురి చూసి కొట్టాడు. బంతి గుంత పెదవి దాకా వెళ్ళి, ఊగి, ఆగిపోయింది. నేను వేశాను. చప్పట్లు మోగాయి. అతని ముఖంలోకి చూశాను. పరీక్ష హాల్లో ఎంత గడుసు పిల్లవాడి ముఖమైనా చదవగలిగిన నేను, ఆ ముఖంలో ఏమీ చదవలేకపోయాను. అతను ఎప్పటిలాగే కర్ర గోడకు ఆనించి నాకు టీ చెప్పాడు.

మర్నాడు పొద్దున మొదటి బస్సుకే ఎమ్మిగనూరు వెళ్ళాను. సాహెబుగారు గోదాము బయట నిలబడి ఉన్నాడు. గెలిచానని చెప్పాను. ఆయన నవ్వలేదు. ఆట మొత్తం అడిగాడు, ఒక్కో బంతీ చెప్పించుకున్నాడు. నల్లబంతి గుంత పెదవి మీద ఆగిందన్న మాటకు వచ్చేసరికి ఆయన శాలువా కింద చెయ్యి గట్టిగా కదిలింది.

"నిజం సెప్పు అయ్యోరా. మనుషుల్ని నమ్మేవాడివి కాదు నువ్వు, నిన్నే అడుగుతాండా. వాడు ఆడినాడా, వదిలినాడా?"

నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు. ఆ క్షణంలో ఆయన ముఖం చూసి, "ఆడినాడు సాబ్. ప్రాణం పెట్టి ఆడినాడు" అన్నాను.

ఆయన నమ్మాడో, నమ్మాలనుకున్నాడో నేను చెప్పలేను. "సరే. అన్నానికి రమ్మని సెప్పు వాణ్ణి" అని లోపలికి పోయాడు. లోపల ఎవరితోనో మాంసం తెప్పించమని చెప్పడం వినిపించింది.

తిరుగు బస్సులో ఆదోని వచ్చి నేరుగా మార్కెట్ యార్డుకు వెళ్ళాను. పత్తి బోరాల మధ్య కూర్చుని ఉన్న అతనికి తండ్రి మాట చెప్పాను. అతను లేచి నిలబడ్డాడు. నల్లబంతి గురించి అడిగినాడా అన్నాడు. అడిగాడని చెప్పాను.

"నువ్వేం సెప్పినావు?"

"ఆడినావని."

అతను తల దించుకున్నాడు. కళ్ళు తుడుచుకుని, చెప్పులేసుకుని, ఎమ్మిగనూరు బస్సు ఎన్నింటికుందని అడిగాడు. బస్టాండు దాకా నేనూ వెంట నడిచాను. నిజంగా ఆడినావా అని అడగడానికి దారి పొడుగునా నాకు వీలుంది. అడగలేదు. బస్సు కదిలేదాకా నిలబడి, ఇంటికి వెళ్ళిపోయాను.